తుది మాట డిజైనర్‌దా, ప్రోగ్రామర్‌దా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. కోడింగ్ బాగానే వచ్చు. ఇప్పుడు యూఐ, యూఎక్స్ డిజైన్ (యాప్‌ల, వెబ్‌సైట్ల తెరలు ఎలా కనబడాలో, వాడేవాళ్లకు ఎలా నడవాలో తీర్చిదిద్దే పని) వైపు వెళ్తానని, హైదరాబాద్‌లో ఆరు నెలల కోర్సులో చేరతానని పట్టుబడుతోంది. వెబ్ అప్లికేషన్లు తయారుచేసే కంపెనీల్లో డిజైనర్ మాట చెల్లుతుందా, ప్రోగ్రామర్ మాట చెల్లుతుందా? రెండింటినీ పోల్చి చెప్పగలరు. ఇంజినీరింగ్ చదివి బొమ్మలు గీసే పని ఏమిటని ఇంట్లో అందరూ అంటున్నారు.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇంట్లో అందరూ అంటున్నారని రాశారు. ఆ అందరిలో మీరూ ఉన్నారనుకుంటాను. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పైకి అడిగేది ఎవరి మాట నెగ్గుతుందని. లోపలి బెంగ వేరు. నాలుగేళ్లు ఫీజులు కట్టి చదివించాక, పిల్ల ఎవరో చెప్పిన రంగులు మారుస్తూ కూర్చుంటుందేమోనని. ముందు ఆ బెంగ సంగతి చూద్దాం.

ఏదైనా దరఖాస్తు ఫారం తీసుకోండి. అందులో ‘స్టేట్’ అని ఇంగ్లిష్‌లో ఒక గడి ఉంటుంది. డిజైనర్ దాన్ని చక్కగా, ఇరవై పిక్సెళ్ల ఎత్తులో గీస్తాడు. ప్రోగ్రామర్ ఆ కొలతను ఉన్నదున్నట్టు కోడ్‌లో దించుతాడు. తర్వాత ఎవరో భాషను తెలుగుకు మారుస్తారు. అక్కడ ‘రాష్ట్రం’ అని పడుతుంది. ష కింద ఉండే ట వత్తు, ర వత్తు ఆ ఎత్తులో పట్టక అడుగున తెగిపోతాయి. తప్పెవరిది? ‘ఎత్తు బిగించమని నేను చెప్పానా’ అంటాడు డిజైనర్. ‘బొమ్మలో ఉన్నదే కట్టాను’ అంటాడు ప్రోగ్రామర్. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ రంగంలో అధికారం గురించి జరిగే గొడవల్లో చాలావరకు ఇంతే. పని ఇద్దరి మధ్యలో జారిపోతుంది, పట్టుకునేవాడు ఉండడు.

ఈ తగవు కొత్తది కాదు. తొలి రోజుల్లో పేజీలో విషయం, రంగు, అక్షరం సైజు అన్నీ ఒకే ఫైలులో కలగలిసి ఉండేవి. రంగు మార్చాలన్నా ఆ ఫైలునే కెలకాలి. పేజీ రంగులు, కొలతలు విడిగా రాసుకునే భాష సీఎస్ఎస్. హోకన్ వియుమ్ లీ దాన్ని 1994లో ప్రతిపాదించాడు, 1996 డిసెంబరుకల్లా అది అధికారిక ప్రమాణమైంది. విషయం ఒకచోట, రూపం మరోచోట. తర్వాత అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో, ఒక దినపత్రిక కార్యాలయంలో, వెబ్‌సైట్లు కట్టడానికి ప్రోగ్రామర్లు వాడే జాంగో అనే సాఫ్ట్‌వేర్ చట్రం పుట్టింది. 2005లో దాన్ని అందరికీ విడుదల చేశారు. అందులో పేజీ రాసే టెంప్లేట్ భాషను కావాలనే కట్టడి చేశారు. జాబితా చూపించవచ్చు, ‘ఇది ఉంటే అది’ అని చెప్పవచ్చు, అంతకుమించి లెక్కలు నడపనివ్వరు. పేజీని రాసే భాష అయిన హెచ్‌టీఎంఎల్‌ను డిజైనర్ తన చేత్తోనే దిద్దుకోవాలి, అసలు వ్యవహారమంతా గోడ అవతల ప్రోగ్రామర్ దగ్గర ఉండాలి. అదీ ఆలోచన. నా మటుకు నాకు ఆ ఏర్పాటు మర్యాదగానే అనిపిస్తుంది. డిజైనర్‌కు హెచ్‌టీఎంఎల్ వచ్చని నమ్మి కట్టినది అది.

2013లో ఫేస్‌బుక్, తెరలు కట్టడానికి ప్రోగ్రామర్లు వాడే రియాక్ట్ అనే కోడ్ సామగ్రిని బయటపెట్టాక ఆ గోడ జరిగింది. పేజీ రూపం, బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష అయిన జావాస్క్రిప్ట్ కోడ్‌లోకే వచ్చి చేరింది. ప్రోగ్రామర్లకు సుఖమైంది. చాలాచోట్ల డిజైనర్ చేయి మాత్రం నడిచే పేజీ మీద నుంచి జారి, ఫిగ్మా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన బొమ్మ దగ్గర ఆగిపోయింది. అతను గీస్తాడు, ఇంకొకరు చూసి మళ్లీ కడతారు. మీరు భయపడే ‘ఎవరి కిందో పని’ వచ్చేది సరిగ్గా ఇక్కడ. నడుస్తున్న పేజీని తెరిచి నాలుగు వరుసలు మార్చగలిగిన డిజైనర్‌కు ఆ ఇబ్బంది తక్కువ. మీ అమ్మాయికి కోడ్ వచ్చు. అంటే మీరు దేనికి బెంగపడుతున్నారో దాని మందు ఆమె దగ్గరే ఉంది. మూడేళ్ల చదువు వృథా అని ఎవరన్నా అంటే వినకండి.

పోలిక అడిగారు కదా. ఏ అడుగు తర్వాత ఏది రావాలి, ఏ మాట వాడాలి, కంటికి ముందు ఏది కనబడాలి అన్నవి డిజైనర్ చేతిలో ఉంటాయి. సమాచారం ఎక్కడ దాచాలి, ఎంత వేగంగా రావాలి, ఎవరికి చూపకూడదు అన్నవి ప్రోగ్రామర్ చేతిలో. క్యాంపస్ నియామకాల్లో ప్రోగ్రామర్లకు ఉన్నన్ని ఖాళీలు డిజైనర్లకు ఉండవు, ఇది దాచను. పోలిక ఇంతవరకే. ఎందుకంటే మంచి బృందాల్లో రంగులకూ, పేజీలో వదిలే ఖాళీ జాగాల కొలతలకూ ఉమ్మడిగా పేర్లు పెట్టుకుంటారు. ఆ పేరు వెనుక ఉన్న రంగునో కొలతనో డిజైనర్ మారుస్తాడు, కోడ్‌లో ఆ పేరును ప్రోగ్రామర్ వాడతాడు. అక్కడ పైనా కిందా అని కొలిచే పని ఉండదు.

ఇక ఆ ఆరు నెలల కోర్సు. నాకు అనుమానాలున్నాయి. అలాంటి కోర్సులు చేసి నా దగ్గరికి వచ్చే పిల్లల పోర్ట్‌ఫోలియోలు, అంటే తాము చేసిన పనుల నమూనాలు, ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అన్నిట్లోనూ భోజనం తెప్పించే యాప్‌కు కొత్త రూపం. అందులో ప్రతి హోటల్ పేరూ పొట్టిది, ప్రతి ఫొటో నిగనిగలాడుతుంది, నెట్ ఎప్పుడూ ఆగదు. తెల్లని తెర మీద లేత బూడిద అక్షరాలు. మామూలు సైజు అక్షరానికీ వెనుక రంగుకూ వెలుగులో కనీసం 4.5కు 1 నిష్పత్తిలో తేడా ఉండాలన్న అంతర్జాతీయ ప్రమాణం పేరైనా చాలామంది వినలేదు. ‘ఆ ఊళ్లో ఒక్క హోటలూ లేకపోతే తెర మీద ఏం కనబడుతుంది’ అని ఒక అబ్బాయిని అడిగాను. ‘ఆ స్క్రీన్ మా సర్ చెప్పలేదండీ’ అన్నాడు. ఫిగ్మా నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు. నేర్పేది అదొక్కటే అయితే ఆరు నెలలెందుకు, అంత డబ్బెందుకు? డిజైన్‌ను నిజంగా లోతుగా చదవాలనుంటే బీటెక్ ముగించి సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి, డిజైన్‌లో పీజీ అయిన ఎం.డెస్‌కు వెళ్లవచ్చు. ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఆ కోర్సు ఉంది. తొందరేమీ లేదు.

ఒక మాట అనక తప్పదు, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయి ఇంతవరకు ఏం తయారుచేసిందో అందులో ఒక్క మాట లేదు. ఎవరు ఎవరి కింద అన్న లెక్క ఉంది, ఇంట్లోవాళ్లేమంటారో ఉంది. మీరు ఆమె లాప్‌టాప్ ముందు పది నిమిషాలు కూర్చున్నారా? ‘బొమ్మలు గీసే పని’ అని మీరు అంటుంటే, ఆ అమ్మాయి మీకు ఏం చూపిస్తుంది?

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. వాళ్ల కాలేజీలో హాస్టల్ సెలవు చీటీనో, బస్ పాస్ దరఖాస్తునో కాగితం మీద నింపుతుంటారు కదా, దాన్ని వెబ్ ఫారంగా ఆమెనే గీయమనండి, ఆమెనే హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్‌లలో కట్టమనండి. బ్రౌజర్‌లో నెట్ వేగం తగ్గించి చూసే సదుపాయం ఉంటుంది, అది ఆమెకు తెలిసే ఉంటుంది. ఫారం పంపాక జవాబు రావడానికి పది సెకన్లు పడితే ఆ పది సెకన్లూ తెర మీద ఏముండాలో ఆమెనే తేల్చుకోమనండి. గీయడం ఇష్టమో, కట్టడం ఇష్టమో, రెండూనో అప్పటికి ఆమెకే తెలుస్తుంది. అంతవరకు కోర్సుకు డబ్బు కట్టకండి. ఫారం సిద్ధమయ్యాక మీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, మీరే తెలుగులో టైపు చేయండి. ఏ అక్షరమైనా తెగితే ఆమెకు చూపించండి.