బండి కావాలంటే యాక్సెసరీస్ కూడా కొనాల్సిందేనా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. చీనీ తోట పనులకు, ఇంటి వాడకానికి ఫోర్ బై ఫోర్ పికప్ బుక్ చేశాను. డిమాండ్ బాగా ఉందంటూ డీలర్ 90 వేల యాక్సెసరీస్, తమ దగ్గరే ఇన్సూరెన్స్, 15 వేల హ్యాండ్లింగ్ చార్జీలు ఒప్పుకుంటేనే డెలివరీ అంటున్నారు. బెంగళూరులో అదే బండికి ఇవేవీ లేవు, పైగా డిస్కౌంట్. కేసు వేయొచ్చా?

జవాబు: బెంగళూరులో తక్కువకు ఇస్తున్నారన్న ఒక్క కారణంతో కేసు నిలవదు. డిస్కౌంట్ డీలర్ ఇష్టం. కంపెనీ చెప్పిన ఎక్స్-షోరూమ్ ధరకు (లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపని ధర) అమ్మితే తప్పు పట్టలేం.

మీ బలం మిగతా మూడింట్లో ఉంది. ఒకటి కావాలంటే ఇంకొకటి కొనాల్సిందేనని షరతు పెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(41) కింద 'నిర్బంధ వ్యాపార పద్ధతి' (రిస్ట్రిక్టివ్ ట్రేడ్ ప్రాక్టీస్) అవుతుంది. ఇన్సూరెన్స్ ఏ కంపెనీలో తీసుకోవాలన్నది మీ ఇష్టం, డీలర్ బలవంతపెట్టకూడదు. హ్యాండ్లింగ్ చార్జీ దేనికో రాసి, బిల్లు ఇవ్వమనండి. చాలాచోట్ల ఆ మాటతోనే అది తగ్గిపోతుంది. 10 లక్షలు దాటిన బండిపై 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే డీలర్ వసూలు చేసే ఆదాయపు పన్ను) మాత్రం అందరూ కట్టాల్సిందే. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. షరతులన్నీ నోటితో చెప్పి, ఫారంలో మాత్రం యాక్సెసరీస్ 'కస్టమర్ కోరిక మేరకు' అని రాస్తారు. ఆ లైను కొట్టేయకుండా సంతకం పెట్టొద్దు. పెడితే కేసు సగం పోయినట్టే. కొటేషన్ వాట్సాప్‌లోనైనా సరే తెప్పించుకుని, కంపెనీకి మెయిల్ పెట్టండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయండి.

బెంగళూరులో కొనాలనుకుంటే కొనొచ్చు. అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేయించి, ఇక్కడ శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. జీఎస్టీ దేశమంతా ఒకటే, లైఫ్ ట్యాక్స్ ఇక్కడే కడతారు. కాబట్టి ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన పెట్టి చూడకండి, ఎక్స్-షోరూమ్ ధరలే పోల్చండి. బంధువుల బెంగళూరు అడ్రస్ మీద రిజిస్టర్ చేయించమని ఎవరైనా చెబితే అసలు వినొద్దు. బండి ఇక్కడే 12 నెలలకు మించి ఉంటే నంబరు మార్చుకోవాలి, ఇక్కడి ట్యాక్సూ కట్టాలి.

అప్పటికీ డీలర్ దిగిరాకపోతే అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటనంత వరకు అక్కడే వేయొచ్చు, గడువు రెండేళ్లు. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు కాబట్టి, రేపు బెంగళూరు డీలర్‌తో గొడవ వచ్చినా అక్కడిదాకా తిరగక్కర్లేదు. బండిని సొంత తోటకు, ఇంటికి వాడుకుంటున్నానని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారు కాదు అన్నదే అవతలి వకీలు మొదట ఎత్తే అభ్యంతరం.