మూత కోసం ఏటికొప్పాక దాకా

"చవక బొమ్మలు, చిన్న చిన్న వస్తువులు పోగేస్తే డబ్బు దండగ, ఇల్లు ఇరుకు. ఇందులో ఆనందం ఏముంది?" అని ఒకరు అడిగారు. మా ఆయన పదిహేనేళ్లుగా ఇదే అడుగుతున్నాడు కాబట్టి జవాబు నాకు నోటికొచ్చు.

నా దగ్గరున్నవి లక్కపిడతలు. వేలెడంత కుండలు, రోలు, తిరగలి, పొయ్యి, గరిటెలు. టీవీ కింది అర నిండా అవే. ఏదీ వంద దాటదు. దాటితే కొనను. ఖరీదైనవి పోగేసేవాళ్లకి సుఖం ఉండదండీ. మా చుట్టాల్లో ఒకావిడ వెండి బొమ్మలు కొంటుంది. కొన్న వారానికే లాకర్లోకి పోతాయి. సంక్రాంతి కొలువులో పెట్టినా, ఆవిడ కళ్లు వచ్చిన పిల్లల చేతుల మీదే. ఒక్కరిని చూసే చెప్తున్నాను, కానీ అందరూ అంతే.

నాలుగేళ్ల కిందట మా ఆడపడుచు మనవరాలు ఆడుకుంటూ ఎర్ర కుండ మూత ఎక్కడో పడేసింది. అదేం తాతలనాటి సొత్తు కాదు, అన్నవరం వెళ్లొస్తూ కొన్నదే. కానీ బోడి కుండని చూస్తే ప్రాణం ఉసూరుమనేది. తర్వాత విశాఖలో పెళ్లికి వెళ్తూ, కుండని చేతిసంచిలో వేసుకుని, అడ్డరోడ్డు దగ్గర కారు మళ్లించి, ఈ లక్కబొమ్మలు చేసే ఊరు ఏటికొప్పాక తీసుకెళ్లాను. మా ఆయన ముఖం మీరే ఊహించుకోండి.

"ఏటమ్మా, సెట్టు కొత్తది ఇచ్చెస్తాను కదా, ఒట్టి మూతేటి?" అన్నాడు అక్కడి పెద్దాయన. అంటూనే అంకుడు కర్ర ముక్క మిషన్‌కి బిగించాడు. ఉలి ఆనించగానే తెల్లటి పొట్టు చుట్టలు చుట్టలుగా ఆయన ఒళ్లో పడింది. కొలతబద్ద లేదు. రెండుసార్లు మిషన్ ఆపి, కుండ మూతి ఆనించి చూసుకున్నాడు, అంతే. తర్వాత తిరుగుతున్న మూతకి పసుప్పచ్చ లక్క కడ్డీ ఒత్తిపట్టాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేసింది. మొగలాకుతో రుద్దేసరికి మెరుపు.

ఎర్ర కుండకి పసుపు మూతేమిటండీ అన్నాను.

"పాత ఎరుపు వెలిసిపోనాది కదమ్మా. కొత్త ఎరుపు పెడితే అతుకులా కనపడతాది. పసుపైతే కావాలని పెట్టినట్టుంటాది."

పది రూపాయలు తీసుకున్నాడు. 2017లో ఈ బొమ్మలకి, ఇవి ఈ ఊరి సొత్తేనని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అయినా మా వైపు తీర్థాల్లో చూడండి, ఊదితే ఎగిరిపోయే ప్లాస్టిక్ సెట్లే. పొయ్యి మీద వేలు పెడితే పొయ్యే వంగిపోతుంది. ఇల్లు ఇరుకంటారా? ఇరుకు చేసేవి నా పిడతలు కాదు, ప్రతి ఫంక్షన్లో రిటర్న్ గిఫ్టని చేతిలో పెట్టే డబ్బాలు. ఒకదాని మూత ఇంకోదానికి పట్టదు, పారేద్దామంటే మనసొప్పదు. అటక నిండా అవే.

నా పసుపు మూత కొంచెం బిగుతు. లాగితే టప్‌మని వస్తుంది. మొన్న మా ఆయన హోమ్ లోన్ గురించి ఎవరితోనో ఫోన్లో అరుస్తూ, తెలియకుండానే ఆ మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తున్నాడు. చూసి కూడా నేనేమీ అనలేదు.