తేట ముందు, మడ్డి వెనక: ఎన్‌క్లెక్స్‌కు మన గుర్తులు

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నల్లగొండల జీఎన్ఎం నర్సింగ్ చేసి, పెండ్లయినంక డాలస్ వచ్చిన. ఇక్కడి నర్సు లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్‌కు చదువుతున్న. యాది పెట్టుకునే ఇంగ్లిష్ గుర్తులు పొద్దున బట్టీ పడితే మాపటికి ఉంటలేవు. ఏం చెయ్యాలె?

జవాబు: చెల్లె, ఆ గుర్తులు ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల కోసం కట్టినవి. నువ్వు మన ఊరి బొమ్మలకు కట్టుకో, పోనే పోవు.

రెండు తీర్ల ఇన్సులిన్ ఒక్క సిరంజిల కలిపే వరస చూడు. కల్లులో పైన తేట, అడుగున మడ్డి ఉంటది గద. రెగ్యులర్ ఇన్సులిన్ తేట, ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ మడ్డి. సిరంజిలకు తేట ముందు, మడ్డి వెనక. గాలి మాత్రం ముందు మడ్డికి. రెగ్యులర్ 8, ఎన్‌పీహెచ్ 20 యూనిట్లు రాసిన్రనుకో. ఎన్‌పీహెచ్ సీసాను ఊపకుండ అరచేతుల మధ్య దొర్లించు. 20 యూనిట్ల గాలి దాంట్లకు కొట్టు, సూది మందుకు తాకొద్దు. 8 యూనిట్ల గాలి రెగ్యులర్‌కు కొట్టి, సూది తియ్యకుండనే సీసా తిప్పి 8 గుంజు. తర్వాత ఎన్‌పీహెచ్, 28 గీత దాకా. 29కి పోతే వెనక్కి తొయ్యొద్దు, సిరంజి పారేసి మళ్ల మొదలువెట్టు. మడ్డి తేట సీసాలకు పోతే ఆ రెగ్యులర్ తొందరగ పనిచేసే గుణం చెడిపోతది, అందుకే ఈ వరస. గ్లార్జీన్ అనే ఇన్సులిన్ చూడ తేటగనే ఉంటది గని దేంతోని కలపొద్దు. చానామంది ఇక్కడనే పడిపోతరు.

ఏబీజీకి, అంటే ధమని రక్తంల ఆమ్లం, వాయువులు చూసే పరీక్షకు, చేదబావి గుర్తు. పీహెచ్ 7.35–7.45, కార్బన్ డయాక్సైడ్ 35–45, బైకార్బొనేట్ 22–26. పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ గిరక మీది రెండు బొక్కెనల లెక్క ఒకటి పైకి, ఒకటి కిందికి పోతే రెస్పిరేటరీ, అంటే ఊపిరి తేడా. పీహెచ్, బైకార్బొనేట్ కాడెడ్ల లెక్క ఒక్క దిక్కే పోతే మెటబాలిక్, అంటే ఒంటి రసాయనాల తేడా. పీహెచ్ 7.30, కార్బన్ డయాక్సైడ్ 52, బైకార్బొనేట్ 24 ఇస్తే? బొక్కెనలు ఎదురెదురు పోయినయి, పీహెచ్ దిగింది, అంటే ఆమ్లం పెరిగింది: రెస్పిరేటరీ అసిడోసిస్.

అంకె ఒక్కటే రాసుకోకు, పక్కన చేసే పని రాయి. రక్తంల పొటాషియం 3.5–5.0. తగ్గితే గుండె మందు డిగాక్సిన్ విషమైతది. మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసిమైడ్ వాడే పేషెంట్‌కు తగ్గేదే పొటాషియం. డిగాక్సిన్ ఇచ్చే ముందు గుండె మీద స్టెత్ పెట్టి పూరా నిమిషం లెక్కవెట్టు, పెద్దోళ్లకు 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టర్‌కు చెప్పు. ఆకలి లేదు, వాంతులు, చూపు పచ్చగ ఉందంటే అనుమానించు. పొటాషియంను నరంలకు సిరంజితో నేరుగ ఎన్నడూ తొయ్యొద్దు, గుండె ఆగుతది.

ఇక్కడ మందుల పేర్లు కూడ మారతయి: పారాసిటమాల్‌ను అసిటమినోఫెన్, అడ్రినలిన్‌ను ఎపినెఫ్రిన్, సాల్బ్యుటమాల్‌ను అల్బ్యుటెరాల్, పెథిడిన్‌ను మెపెరిడిన్ అంటరు.

2023 ఏప్రిల్ నుంచి పరీక్ష కొత్త తీరు: 85 నుంచి 150 ప్రశ్నలు, 5 గంటలు. ‘వర్తించేవన్నీ ఎంచుకో’ అనే ప్రశ్నల్ల ఒప్పుకు ఒక మార్కు కలుస్తది, తప్పుకు ఒకటి పోతది. సున్నా కంటే కిందికి దిగదు. అనుమానంతోని అన్నిటికీ టిక్ పెడితే వచ్చిన మార్కులు కూడ పోతయి.