చిన్న టేబుల్‌కి కలతాఫీమి యుద్ధాన్ని మించింది లేదు

ప్రశ్న: డైనింగ్ టేబుల్ మీద ఇద్దరు కూర్చుని ఒక్క సాయంత్రంలో ముగించగలిగే చారిత్రక వార్‌గేమ్ (పాత యుద్ధాన్ని బల్ల మీద ముక్కలతో ఆడే ఆట) ఏదైనా ఉందా? అడిగితే అందరూ వాటర్లూ అంటున్నారు.

వాటర్లూ వద్దు. అంత పెద్ద యుద్ధాన్ని నాలుగడుగుల బల్ల మీదికి కుదిస్తే మిగిలేది బాణం గుర్తులున్న మ్యాపే. ఇటలీ ఏకీకరణ యుద్ధాల వైపు రండి. వాటిలోనూ సోల్ఫెరీనో జోలికి పోకండి, 1859 జూన్ 24న అక్కడ తలపడినవాళ్లు దాదాపు మూడు లక్షల మంది. నేను చెప్పేది 1860 మే 15న సిసిలీలో జరిగిన కలతాఫీమి. జెనోవా దగ్గరి క్వార్తో నుంచి రెండు స్టీమర్లలో, ఇటలీని ఒక్క దేశంగా కలపడానికి పోరాడిన గరిబాల్డీ తీసుకొచ్చిన వాలంటీర్లు వెయ్యికి కాస్త ఎక్కువ. మార్సాలాలో దిగి నాలుగు రోజులే అయింది. ఎదురుగా అప్పట్లో సిసిలీని ఏలుతున్న నేపుల్స్ రాజు సైన్యం. మధ్యలో మెట్లు మెట్లుగా సాగు చేసిన ఒక్క కొండ. ఒక ముక్కకి యాభై మంది చొప్పున లెక్కేసుకుంటే గరిబాల్డీకి ఇరవై ముక్కలు చాలు.

మన పులి-మేక ఆటలో లాగా ఇక్కడా రెండు పక్షాలూ సమానం కావు. నేపుల్స్ వాళ్లవి మంచి తుపాకులు, పైగా వాళ్లు ఎత్తు మీద ఉన్నారు. గరిబాల్డీ మనుషుల చేతుల్లో ఉన్నవి చాలావరకు పాత తుపాకులే, అవి గురికి నిలిచేవి కావు. వాళ్లకి కలిసొచ్చింది ఆ పొలాల గట్లు. ఒక్కో గట్టు కింద నక్కితే పైనుంచి వచ్చే గుండు తగలదు, అక్కడ ఊపిరి తీసుకుని పై మెట్టుకి ఎగబాకొచ్చు.

మా ఇంట్లో నేనూ మా బావమరిదీ ఆడతాం. అట్టపెట్టెలు కోసి ఏడు మెట్ల కొండ కట్టాం. తూటాల లెక్కకి చింతపిక్కలు పెట్టుకున్నాం: ప్రతి నేపుల్స్ ముక్కకీ మూడు, కాల్చినప్పుడల్లా ఒకటి తీసేయాలి. చాలా రూల్‌బుక్కుల్లో తూటాలకి అంతు అనేదే ఉండదు, పేజీలు మాత్రం వంద దాటుతాయి. నా దృష్టిలో అది పెద్ద లోపం. తూటాలు అయిపోతాయన్న భయం లేని సైనికుడు సైనికుడే కాడు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఆడిన ఆట నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. నేపుల్స్ పక్షం నాది. మూడో మెట్టు దాకా వాణ్ణి బాగానే ఆపాను, ఆరు ముక్కలు వెనక్కి పోయాయి. నాలుగో గట్టు కింద వాడు ఆగిపోయాడు. వరసగా రెండు వంతులు కదల్లేదు. కొండ మీదున్న నా మేజర్ స్ఫోర్జా ఊళ్లో కూర్చున్న జనరల్ లాండీకి కబురు పంపి, తూటాలూ బలగమూ అడగాలి. మా రూల్ ప్రకారం పాచికలో ఆరు పడితేనే లాండీ ఒప్పుకుంటాడు. వేశాను, రెండు. మళ్లీ వేశాను, నాలుగు. చేతులు చెమటలు పట్టేంత టెన్షన్. నా రిజర్వు ముక్కలు బల్ల చివర ఊరికే నిలబడి చూస్తున్నాయి.

"బావా, మీ పిక్కలు అయిపోయినట్టున్నాయే?" అన్నాడు వాడు.

అయిపోయాయి. ఇక నాకు మిగిలింది రాళ్లు దొర్లించడమే. అసలు యుద్ధంలోనూ ఇదే జరిగింది: పైనుంచి రాళ్లు పడటం మొదలయ్యాయి, ఒకటి గరిబాల్డీకే తగిలింది. వాళ్ల దగ్గర తూటాలు అయిపోయాయని ఆయన పసిగట్టి, బాయొనెట్లతో (తుపాకి మొనకి బిగించే కత్తులతో) చివరి దాడికి తన మనుషుల్ని లేపాడు. మా బావమరిది కూడా ఒకేసారి అన్ని ముక్కలూ పైకి తోశాడు. కొండ పోయింది. లాండీ ముక్కల్లో సగం ఆటంతా ఒక్క అంగుళం కదల్లేదు.

నేను గట్టిగా నమ్మేది ఇదే. ఆ రోజు ఓడింది కొండ మీద పోరాడినవాళ్లు కాదు, కింద బలగం దాచుకున్న జనరల్. ఆ రాత్రే లాండీ పాలెర్మో వైపు వెనుదిరిగాడు, మే 27న గరిబాల్డీ అదే పాలెర్మోలో అడుగుపెట్టాడు. ఓడినవాళ్లని పిరికివాళ్లుగా రాసే పుస్తకాలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తూటాల్లేక రాళ్లతో నిలబడినవాళ్లని ఆ మాట ఎలా అంటారు?

ముక్కలుగా వాడే సైనికుల బొమ్మల సంగతీ చెప్పాలి. విదేశాల నుంచి తెప్పించుకుంటే రవాణా, కస్టమ్స్ ఖర్చు బొమ్మల ధరని దాటేస్తోంది. పైగా పెట్టె మీద గరిబాల్డీ వెయ్యి మందికీ ఎర్రచొక్కాలే వేసి అమ్ముతారు. ఆ రోజు వాళ్లలో ఎక్కువమంది మామూలు బట్టల్లో ఉన్నారు, కోట్లు, టోపీలు, విద్యార్థులు, వకీళ్లు, డాక్టర్లు. అట్ట ముక్కల మీద పెన్సిల్‌తో పేరు రాసుకున్నా ఆట ఏమీ తగ్గదు.

దీని తర్వాత పెద్దది కావాలనిపిస్తే సోల్ఫెరీనోలో శాన్ మార్తీనో గుట్ట ఒక్కటే తీసుకోండి. ఉత్తర ఇటలీలోని పియెమోంటె రాజ్యం దళాలు ఆస్ట్రియా జనరల్ బెనెడెక్ మీద పదేపదే ఎక్కిన చోటు అది. మధ్యాహ్నం వచ్చిన గాలివానకి ఒక రూల్ పెట్టుకుంటే సరిపోతుంది. కలతాఫీమి మొదటిసారి ఆడేటప్పుడు మాత్రం కొత్తవాళ్లకి గరిబాల్డీని ఇవ్వకండి, నేపుల్స్ పక్షం ఇవ్వండి. లాండీ కోసం పాచిక వేస్తూ కూర్చోవడంలోనే ఈ ఆట పట్టుబడుతుంది.