98 డాడ్జ్ రామ్ 1500: ఫోర్‌వీల్ వేసినా ముందు చక్రాలు లాగట్లేదు

లీవర్ ఫోర్‌హైలో (నాలుగు చక్రాలూ లాగే హై గేర్) పెడితే కింద ముందు యాక్సిల్‌కి వెళ్లే షాఫ్ట్ తిరుగుతోంది, చక్రాలు మాత్రం లాగట్లేదు అన్నారు కదా, అయితే గేర్లు పోయినట్టు కాదు, యాక్సిల్‌లో డిస్‌కనెక్ట్ (చక్రం షాఫ్ట్‌ని కలిపి, విడదీసే ఏర్పాటు) పట్టుకోవట్లేదు. మీ ముందు యాక్సిల్ డానా 44లో కుడివైపు షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉంటుంది, వాటిని కలిపే కాలర్‌ని వాక్యూమ్ మోటార్ (గాలి పీల్పుతో పనిచేసేది) జరపాలి, అది జరగకపోతే లోపలి ముక్క ఊరికే గిర్రున తిరుగుతుంది అంతే.

1. చక్రాలకి రాళ్లు పెట్టి, ఇంజన్ ఆన్‌లో, ఫోర్‌హైలో ఉంచి మోటార్ గొట్టాలు రెండూ పీకి వేలు పెట్టండి. ఒకదాంట్లో గట్టిగా పీల్చాలి.
2. అందరూ వదిలేసేది ఇదే: గొట్టం లోపల ఆయిల్ తడి ఉందేమో చూడండి. ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిల్స్‌కి శక్తి పంచే గేర్ పెట్టె) మీది వాక్యూమ్ స్విచ్ లీకవుతోంది, ముందు అది మార్చకుండా కొత్త మోటార్ వేస్తే అదీ పాడవుతుంది.
3. బాగానే పీలుస్తున్నా కాలర్ జరగట్లేదంటే మోటారో, కాలర్‌ని పట్టుకుని జరిపే ఫోర్కో పాడైనట్టు.

దీనికోసం ఇంకా పెద్ద యాక్సిల్ డానా 60 కొనకండి, వాక్యూమ్ బదులు చేత్తో కాలర్ జరిపే కేబుల్ కిట్ చాలు. ఒకే ముక్క షాఫ్ట్ వేయించుకున్నా పనవుతుంది కానీ ఆ తర్వాత ముందు యాక్సిల్‌కి వెళ్లే షాఫ్ట్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, యూజాయింట్లు (షాఫ్ట్ కీళ్లు) మంచివి ఉండాలి.