టెక్ సందేహాలు: హరికేన్ వేళ లోపలి గదిలో ఫోను, ఛార్జింగు

ప్రశ్న: హరికేన్ వచ్చినప్పుడు కిటికీలు లేని లోపలి గదిలో ఉండమని చెబుతున్నారు. మా ఇంట్లో అలాంటిది స్నానాల గది ఒక్కటే. అక్కడ సిగ్నల్ ఒక్క గీత కూడా నిలవదు. తాజా సమాచారం కోసం మాటిమాటికీ హాల్లో కిటికీ దగ్గరికి వెళ్లాల్సివస్తోంది. దారేమిటి?

జవాబు: కిటికీ దగ్గరికి మాత్రం దయచేసి వెళ్లకండి. గాలివేగం గంటకు 119 కిలోమీటర్లకు చేరాకే తుపానును హరికేన్ అంటారు. ఆ వేగంతో ఎగిరివచ్చే కొమ్మగానీ రేకుముక్కగానీ అద్దాన్ని పగలగొట్టడానికి క్షణం చాలు. కనుక మీరు సిగ్నల్ దగ్గరికి వెళ్లడం కాదు, సిగ్నలే మీ దగ్గరికి వచ్చే ఏర్పాటును గాలి మొదలవకముందే చేసుకోవాలి. వైఫై రౌటర్‌ను ఆ గదికి వీలైనంత దగ్గరగా మార్చి, దానికొక చిన్న యూపీఎస్ తగిలించి, ఫోను సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్‌ను ఆన్ చేసి పెట్టుకోండి. అత్యవసర చిరునామా అడిగితే ఇప్పుడు మీరున్న ఇంటిదే ఇవ్వండి. కరెంటు పోయినా బ్రాడ్‌బ్యాండ్ లైను బతికి ఉన్నంతసేపు ఆ గదిలోనుంచే మాట్లాడవచ్చు.

అదీ ఆగిపోతే ఫోను టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. బ్యాటరీని వేగంగా తినేసేవాటిలో ఈ వెతుకులాట ఒకటి. సిగ్నల్ అసలే లేనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, గంటకొకసారి రెండు నిమిషాలు తీసి చూడండి. సిగ్నల్ బలహీనంగానైనా నిలుస్తుంటే మాత్రం ఫ్లైట్ మోడ్ వద్దు, బ్యాటరీ సేవర్ పెడితే చాలు. ఎందుకంటే ప్రభుత్వ హెచ్చరికలు సెల్ బ్రాడ్‌కాస్ట్ (టవర్ పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి పంపే) పద్ధతిలో వస్తాయి, వాటికి డేటా అక్కర్లేదు, నెట్‌వర్క్ రద్దీ కూడా వాటికి అడ్డు కాదు. మీ వాళ్లకు కాల్ చేసే బదులు ఎస్ఎంఎస్ పంపండి. కాల్ కలవనంత రద్దీలోనూ చిన్న సందేశం వెళ్లిపోయే అవకాశం ఎక్కువ.

ఇంత చేసినా ఫోను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 2017లో మరియా హరికేన్ తాకినప్పుడు ప్యూర్టోరికోలో 90 శాతానికి పైగా సెల్ టవర్లు మూగబోయాయి. బ్యాటరీతో నడిచే రేడియో ఒకటి ఆ గదిలో ఉండాలని నేను గట్టిగా చెబుతాను. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే సౌకర్యం ఉన్నా, దానికి నెత్తిన తెరిపి ఆకాశం కావాలి. గాలి పూర్తిగా తగ్గాకే అది అక్కరకు వస్తుంది.

ఇంకొక్క మాట. యాప్‌లో రాడార్ చిత్రం తెరిచినప్పుడు మూలన చిన్న అక్షరాలతో ఉండే సమయాన్ని ముందు చూడండి. నెట్ ఆగిపోయినప్పుడు కొన్ని యాప్‌లు గంట కిందటి చిత్రాన్నే చూపిస్తూ కూర్చుంటాయి. బయట గాలి ఉన్నట్టుండి ఆగిపోయి, ఆ పాత చిత్రంలో తుపాను దూరంగా కనిపిస్తే, గండం గడిచిందని తలుపు తీయాలనిపిస్తుంది. అది తుపాను కన్ను, అంటే గాలి లేని దాని నడిమి భాగం, మీ ఇంటి మీదుగా వెళ్తున్న సమయం కావచ్చు. కాసేపటికే గాలి ఎదురు దిక్కునుంచి అంతే ఉధృతంగా విరుచుకుపడుతుంది. గండం గడిచిందని అధికారులు ప్రకటించేదాకా గది వదలవద్దు.

ప్రశ్న: 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొన్నాను. నా ఫోను 5,000 ఎంఏహెచ్. నాలుగుసార్లు ఛార్జ్ అవుతుందనుకోవచ్చా?

జవాబు: రెండున్నర సార్లు అనుకోండి. పవర్ బ్యాంకు మీద రాసే అంకె లోపలి సెల్ వోల్టేజీ 3.7 దగ్గర లెక్కగట్టినది, అంటే 74 వాట్ అవర్లు. వోల్టేజీ మార్పిడిలో, వేడిలో దాదాపు మూడోవంతు పోయి 50 మిగులుతాయి. మీ ఫోనుకు ఒక్కసారి నిండడానికి సుమారు 19 కావాలి. పది వాట్ల రౌటర్‌ను కూడా దానికే తగిలిస్తే అయిదు గంటల్లో మొత్తం ఖాళీ. ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే దాన్నీ ముందే నిండా ఛార్జ్ చేసి ఉంచండి, యూఎస్‌బీ కేబుల్‌తో ఫోనుకు అదే ఇంకొక పవర్ బ్యాంకు అవుతుంది.

ప్రశ్న: వానలో తడవకుండా జనరేటర్‌ను గ్యారేజీలో పెట్టి, షట్టర్ సగం తెరిచి నడిపితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. షట్టర్ పూర్తిగా తెరిచినా సరిపోదు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైనా అలసట అనుకుని పడుకుంటారు, ఇక లేవరు. 2020లో లారా హరికేన్ తీరం దాటాక లూసియానాలో ఇలా ప్రాణాలు పోయాయి. గాలీ వానా తగ్గేదాకా ఆగి, ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం ఇంటివైపు లేకుండా పెట్టి నడపండి. ఇంట్లో బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. జనరేటర్ వైరును గోడ సాకెట్‌లో గుచ్చడం అంతకన్నా ఘోరం, ఆ కరెంటు వీధి లైనులోకి ఎదురెక్కి, దాన్ని బాగుచేస్తున్న మనిషిని చంపగలదు. ఆ కొద్ది గంటలు గడపడానికి, పొగ రాని బ్యాటరీ పవర్ స్టేషన్ (పెద్ద పవర్ బ్యాంకు లాంటిది) ఇంట్లో వాడుకోదగినది.

ప్రశ్న: తడిసిన ఫోనును బియ్యంలో పెట్టవచ్చా?

జవాబు: వద్దు, ఆపిల్ సంస్థే వద్దంటోంది. స్విచాఫ్ చేసి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని నెమ్మదిగా తట్టి, గాలి తగిలేచోట ఆరనివ్వండి. పూర్తిగా ఆరేదాకా కేబుల్ పెట్టకండి. ఉప్పునీటిలో మునిగిన పవర్ బ్యాంకు సంగతి వేరు. అది ఆరిపోయినట్టు కనిపించినా లోపల తుప్పు పనిచేస్తూనే ఉండి, రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. దాన్ని ఛార్జ్ చేసి చూడాలని ప్రయత్నించకండి. గాలి తగ్గగానే ఇంటికి దూరంగా, మండే వస్తువులేవీ లేనిచోట ఆరుబయట పెట్టేయండి.