37 ఏళ్లకి అమెరికాలో వెట్ స్కూల్‌కి అప్లై చేస్తే సీటు వస్తుందా?

మీకు 37 ఏళ్లని, పల్లెటూరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో బయోటెక్నాలజీ బీటెక్ చేశారని, ఇప్పుడు డాలస్‌లో ఐటీ ఉద్యోగం చేస్తూ జంతువుల షెల్టర్‌లో వాలంటీరుగా కూడా వెళ్తున్నారని, గ్రీన్‌కార్డు కూడా వచ్చిందని రాశారు. ఇప్పుడు పశువుల డాక్టరు కావాలనుకుంటే వయసు అడ్డమవుతుందా అని అడిగారు. అడ్డం కాదండీ. మన దగ్గర బీవీఎస్సీలో (పశువైద్య డిగ్రీలో) చేరాలంటే గరిష్ఠ వయసు పరిమితి ఉంది కాబట్టి మనవాళ్లందరికీ ముందు ఆ అనుమానమే వస్తుంది. అమెరికాలో పశువైద్య డిగ్రీ అయిన డీవీఎం కోర్సుకి అలాంటి పరిమితి లేదు. నేను 36వ ఏట మొదటిసారి అప్లై చేశాను, ఒక్క చోట కూడా రాలేదు. 38కి వచ్చింది. ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉన్నాను.

మొదటిసారి సీటు రానప్పుడు వయసు వల్లేనని నాలుగు రోజులు ఏడ్చాను. చాలా స్కూళ్లు సీటు రానివాళ్లకి ఫైల్‌లో లోటేమిటో చెప్తాయి, అడగాలంతే. నేనూ ఒక స్కూలుకి ఫోన్ చేశాను. అడ్మిషన్ల ఆఫీసులో ఒకావిడ ఇరవై నిమిషాలు మాట్లాడారు. వయసు మాటే ఎత్తలేదు. నా సైన్స్ మార్కులన్నీ పదిహేనేళ్ల కిందటివట. అనుభవమంతా ఒకే కుక్కల, పిల్లుల క్లినిక్‌లో శనివారాలు నిలబడి చూసిందేనట. రెండూ నిజమే.

చదువు సంగతి ముందు చెప్తాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్ లాంటివి చాలా స్కూళ్లు అడుగుతాయి. కొన్ని స్కూళ్లు అవి ఇన్నేళ్లలోపు చదివినవే ఉండాలంటాయి. ఇండియాలో చదివిన సబ్జెక్టులని లెక్కలోకి తీసుకోవడంలో ఒక్కో స్కూలుది ఒక్కో పద్ధతి. అందుకే డబ్బు కట్టేముందు మీరు అనుకుంటున్న ప్రతి స్కూలుకీ ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఆన్‌లైన్ ల్యాబ్ ఒప్పుకుంటారో లేదో కూడా అందులోనే అడగండి. నేను ఉద్యోగం చేస్తూనే కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకి వెళ్లాను. కొన్ని చోట్ల చివరి 45 క్రెడిట్ల జీపీఏని విడిగా చూస్తారు. మనలాంటివాళ్లకి ఇది పెద్ద వరం. ఇరవై ఏళ్ల వయసులో తెచ్చుకున్న మార్కుల కంటే మొన్న తెచ్చుకున్నవి ముందుకొస్తాయి.

ఇక అనుభవం. అప్లికేషన్‌లో జంతువులతో గడిపిన గంటలు వేరు, వెటర్నరీ డాక్టరు పర్యవేక్షణలో పనిచేసిన గంటలు వేరు. మీరు షెల్టర్‌లో చేస్తున్న వాలంటీర్ పని, అక్కడ డాక్టరు పక్కన నిలబడితే తప్ప, మొదటి దాంట్లోకే వస్తుంది. రెండో ఏడాది నేను ఇంటికి గంటన్నర దూరంలో డెయిరీ ఫారాలకి తిరిగే ఒక డాక్టరమ్మని పట్టుకున్నాను. మొదటి నెలంతా బకెట్లు మోయడం, బూట్లు కడగడమే. ఫిబ్రవరిలో ఒక రాత్రి ఒక తొలిచూలు ఆవుకి కాన్పు కష్టమైంది. దూడ ముందుకాళ్లకి గొలుసులు వేసి, ఒక కొస నా చేతికిచ్చి, "ఆవు ముక్కినప్పుడే లాగు, అది ఆగితే నువ్వూ ఆగు" అన్నారావిడ. చిన్నప్పుడు మా ఊళ్లో గేదె ఈనుతుంటే మా తాతయ్య పాలేరుకి సరిగ్గా ఇదే మాట చెప్పేవాడు. చలికి వేళ్లు తిమ్మిరెక్కిపోయాయి. దూడ బయటికొచ్చాక కాసేపు ఊపిరి తీయలేదు. ఆవిడ గడ్డిపరకతో దాని ముక్కులో కదిపితే తుమ్మింది, అప్పుడు నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

మొదటిసారి అప్లికేషన్‌లో రాసిన వ్యాసంలో చిన్నప్పటినుంచీ జంతువులంటే ప్రాణమని రాశాను. రెండోసారి ఈ రాత్రి గురించి, అప్పుడు నాకు తెలియనివేమిటో వాటి గురించి రాశాను. ఇంటర్వ్యూలో పావుగంట దాని మీదే అడిగారు. నాకంటే పదేళ్లు చిన్నవాళ్లు నాకు పని చెప్తే ఎలా ఉంటుందని కూడా అడిగారు. ఆ డాక్టరమ్మ నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది కాబట్టి జవాబు వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆవిడ ఇచ్చిన సిఫారసు ఉత్తరమే నాకు సీటు తెచ్చిపెట్టిందని నా గట్టి నమ్మకం. పేరున్న డాక్టరు కంటే మీ చేతి పని చూసిన డాక్టరు ఉత్తరం మేలు.

వెళ్లిన ప్రతి రోజూ తేదీ, గంటలు, ఏ జంతువు, ఏం చేశారు అన్నది ఆ రాత్రే రాసుకోండి. తర్వాత గుర్తుండదు.

టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి మీకు రెండు స్కూళ్లున్నాయి: టెక్సాస్ ఏ అండ్ ఎం, అమరిల్లోలో 2021లో మొదలైన టెక్సాస్ టెక్. రెండోది పల్లెల్లో, పెద్ద పశువుల వైద్యం మీద బాగా దృష్టి పెడుతుంది, మీ ఊరి నేపథ్యం అక్కడ దాచుకోకండి. ఈ రెండింటికీ టెక్సాస్ స్కూళ్ల ఉమ్మడి ఆన్‌లైన్ అప్లికేషన్ అయిన టీఎండీఎస్ఏఎస్ ద్వారా అప్లై చేయాలి. మిగతా రాష్ట్రాల స్కూళ్లకి వీఎంసీఏఎస్ అనే మరో ఉమ్మడి అప్లికేషన్, దాని గడువు సాధారణంగా సెప్టెంబరు మధ్యలో, క్లాసులు ఆ మరుసటి ఏడాది.

డబ్బు గురించి మీ ఆయనతో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఫెడరల్ లోన్ వస్తుంది. కానీ 2026 జూలై నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి ఇలాంటి కోర్సుల్లో ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2,00,000 డాలర్లు హద్దు. సొంత రాష్ట్రం వాళ్లకీ బయటివాళ్లకీ ఫీజులో చాలా తేడా ఉంటుంది. మీరు టెక్సాస్ వదలకపోవడమే మంచిదని నా ఉద్దేశం.

ఒక్క పని మాత్రం ఈ వారమే చేయండి. హైదరాబాద్‌లో మీ యూనివర్సిటీకి ట్రాన్స్‌క్రిప్టుల కోసం అప్లికేషన్ పెట్టండి. అక్కడ ఎవరైనా బంధువు స్వయంగా వెళ్లగలిగితే ఇంకా మంచిది. నావి రావడానికి నాలుగు నెలలు పట్టింది.